డిస్‌ఆనర్డ్‌లో ఎవరి కంటా పడకుండా ఆడుతున్నా, కానీ ఎఫ్9 నొక్కడమే ఆటైపోయింది. మీరెలా ఆడతారు?

నైట్‌ల్యాంప్:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

పాప పడుకున్నాక పదిన్నర నుంచి పన్నెండు దాకా నాకు దొరికే టైమ్. ఎప్పుడో సేల్‌లో కొని పక్కన పడేసిన డిస్‌ఆనర్డ్ (నక్కి నక్కి ఆడే స్టెల్త్ గేమ్), అదే 2012లో వచ్చిన మొదటి భాగం, ఇన్నాళ్లకి మొదలుపెట్టా. డిఫికల్టీ వెరీ హార్డ్. ఒక్కర్ని కూడా చంపకూడదు, ఒక్కరి కంట కూడా పడకూడదు అని దీక్ష పట్టినట్టు ఆడుతున్నా. క్లీన్ హ్యాండ్స్, ఘోస్ట్ అచీవ్‌మెంట్లు రెండూ ఒకే దెబ్బకి వచ్చేయాలని ఆశ.

సమస్య ఏంటంటే నేను ఆడట్లేదు, ఎఫ్5 (సేవ్), ఎఫ్9 (లోడ్) వాయిస్తున్నా. నాలుగడుగులు వేయడం, సేవ్. గార్డు తల మీద ఆ తెల్ల గీతలు వెలగడం మొదలవగానే లోడ్. కాల్డ్విన్ బ్రిడ్జి మిషన్ ఒక్కటే మూడు రాత్రులు తినేసింది. అంత చేసినా చివర్లో లెక్క చూస్తే ఒక హత్య ఉంది! ఎవరు చచ్చార్రా బాబూ అని జుట్టు పీక్కుని వెతికితే తేలింది, నేను గొంతు బిగించి పడుకోబెట్టిన గార్డుని చీకటి మూలలో వదిలేస్తే ఎలుకలు వచ్చి తినేశాయి. అది కూడా నా ఖాతాలోనే రాశారు. మళ్లీ మొదటి నుంచి.

మా బామ్మర్ది వారం రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. వెనకాల కూర్చుని చూసి చూసి, "బావా, ఇది ఆటా, ఆడిటా?" అన్నాడు. వాడు నార్మల్ పెట్టుకుని కత్తి, పిస్టల్ పట్టుకుని అదే బ్రిడ్జిని గంటంబావులో దాటేశాడు, పైగా నవ్వుతూ. నేను మూడు రాత్రుల్లో ఒక్కసారి కూడా నవ్వలేదు.

అందుకే అడుగుతున్నా. స్టెల్త్ గేముల్లో మీరు ఏ డిఫికల్టీలో ఆడతారు, దొరికిపోతే లోడ్ చేస్తారా, పరిగెడతారా? డిఫికల్టీ తగ్గిస్తే ఆట రుచి పోతుందని నాకు ఒక భయం ఉంది, అది నిజమా లేక ఉత్త ఇగోనా?

*

పాత ఐజీఐ బ్యాచ్:

తమ్ముడూ, నీ చేతిలో సేవ్ ఉంది కాబట్టే నీకీ కష్టం.

2000లో ప్రాజెక్ట్ ఐజీఐ వచ్చింది, మా ఊరి నెట్ సెంటర్‌లో ప్రతి కంప్యూటర్‌లో అదే. మిషన్ మధ్యలో సేవ్ అనే మాటే లేదు. బైనాక్యులర్స్‌తో బేస్ అంతా చూసుకుని, కంచె పక్కనుంచి నక్కి నక్కి వెళ్లి, కెమెరాలు ఆపేసి, అంతా అయ్యాక ఎక్కడో టవర్ మీదున్న స్నైపర్ ఒక్కటి పేల్చాడంటే మొత్తం మళ్లీ మొదటికి. ఎక్కడైనా అలారం మోగిందంటే బ్యారక్స్‌లోంచి చీమల్లా వచ్చేవాళ్లు. కుర్చీ వెనకాల నలుగురు నిలబడి "రేయ్ కెమెరా, రేయ్ ఎడమ పక్క" అని అరుపులు. ఆ పక్క నుంచి సెంటర్ అంకుల్ "మూడో నంబర్, టైమ్ అయిపోయింది" అని కేక. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ ఏ గేమూ ఇవ్వలేదు. 2003లో రెండో భాగంలో సేవ్‌లు ఇచ్చారు కానీ లెక్కపెట్టి ఇచ్చారు, ఎక్కడ వాడాలా అని చేతులు వణికేవి.

నా సలహా ఒక్కటే. మిషన్ మొదట్లో ఒక సేవ్. అంతే. మిగతాది నీ అదృష్టం.

*

సాయంత్రం బస్సు:

పై అన్నకి దండం. మీరు బడిలో ఉన్నప్పుడు ఆడిన ఆట అది, ఎండాకాలం సెలవుల్లో. ఆయనకి రాత్రికి గంటన్నర ఉంది, మధ్యలో పాప లేస్తుంది. నలభై నిమిషాలు కష్టపడి చివర్లో దొరికిపోతే మళ్లీ మొదటి నుంచా? అది ఛాలెంజ్ కాదు, శిక్ష.

నేను ఈజీలో ఆడతా, సిగ్గేం లేదు. లోడ్ కూడా చేస్తా. అసలు క్విక్‌సేవ్ అంటే మోసం అని ఎవరు చెప్పారు? 2016లో వచ్చిన షాడో టాక్టిక్స్ చూడండి, పాత కమాండోస్ లాగా పైనుంచి చూస్తూ ఆడేది. అందులో మీరు సేవ్ చేసి ఎంతసేపైందో స్క్రీన్ మీద ఆటే చూపిస్తుంది, "బాబూ సేవ్ చేసుకో" అని గుర్తుచేస్తూ. అదే టీమ్ 2020లో చేసిన డెస్పరాడోస్ 3 కూడా అంతే. తప్పు చెయ్, లోడ్ చెయ్, ఇంకో రకంగా ప్రయత్నించు, అదే ఆ ఆట. చెస్ పజిల్‌లో ఎత్తు వెనక్కి తీసుకుంటే ఎవరైనా తిడతారా?

*

పాత ఐజీఐ బ్యాచ్:

పజిల్‌లో తిట్టరు. పోటీలో తిడతారు. :) సరే, నిజం ఒప్పుకుంటా, ఐజీఐ చివరి మిషన్లు నేను కూడా చీట్ కోడ్ కొట్టే పూర్తి చేశా. ఎవరికీ చెప్పకండి.

*

నాచుబాణం:

చెరో వైపు లాగుతున్నారు కానీ ఇద్దరూ డిఫికల్టీ అనే మాటనే పట్టించుకోలేదు. ఐజీఐలో సేవ్ లేకపోవడంలో నాకు డిజైన్ గొప్పతనం ఏమీ కనపడదు, దాన్ని ఓర్చుకున్న మన గొప్పతనం కనపడుతుంది.

నైట్‌ల్యాంప్ గారూ, మీ వెరీ హార్డ్‌లో అసలు ఏం మారింది? శత్రువుల దెబ్బ గట్టిగా తగులుతుంది, మందు తాగితే తక్కువ నయమవుతుంది, గార్డులు కొంచెం తొందరగా పసిగడతారు. ఇందులో మొదటి రెండూ మీకు అనవసరం. ఎవరి కంటా పడని మనిషికి కత్తి దెబ్బ ఎంత గట్టిగా తగిలితే ఏంటి? మీ బామ్మర్ది లాంటివాళ్ల కోసం పెట్టిన బరువుల్ని మీరు మోస్తున్నారు. మీకు నిజంగా తగిలేది ఆ మూడోదొక్కటే, అది కూడా ఎఫ్9తో మీరే చెరిపేస్తున్నారు. అంటే మీరు ఆడుతున్నది వెరీ హార్డ్ కాదు, నిదానంగా ఆడే నార్మల్.

నా పేరు చూస్తే తెలిసే ఉంటుంది, నేను థీఫ్ మనిషిని. 1998లో లుకింగ్ గ్లాస్ వాళ్లు చేసింది. అందులో నార్మల్, హార్డ్, ఎక్స్‌పర్ట్ అని మూడు స్థాయిలు. ఎక్స్‌పర్ట్ పెడితే మిషన్ చీటీయే మారిపోతుంది. ఇంకా ఎక్కువ సొత్తు దోచుకురావాలి, అంటే మామూలుగా అడుగు పెట్టక్కర్లేని గదుల్లోకి కూడా వెళ్లాలి. మనుషుల్ని చంపకూడదు. పని అయ్యాక చాలా మిషన్లలో తప్పించుకుని బయటపడటం కూడా మన బాధ్యతే. చూడండి, కష్టం పెరిగింది కానీ ఎవరి ప్రాణమూ రెండింతలు కాలేదు. దొంగకి కష్టం అంటే ఇంకాసేపు ఆ ఇంట్లో ఉండాల్సి రావడం, అంతకన్నా ఏముంటుంది?

ఇంకో విషయం. ఆ ఆటలో మీరు ఎంత వెలుతురులో ఉన్నారో స్క్రీన్ కింద ఒక రాయి చూపిస్తుంది, కింద నేల ఏమిటన్నది కూడా లెక్కలోకి వస్తుంది. తివాచీ మీద నడిస్తే ఏ గొడవా లేదు, ఇనుప రేకు మీదో పలకల మీదో నాలుగడుగులు గట్టిగా వేస్తే పక్క గదిలోవాడు లేస్తాడు. దివిటీని నీళ్ల బాణంతో ఆర్పొచ్చు, చప్పుడు చేసే నేల మీద నాచు బాణం వేసి మెత్తగా చేసుకోవచ్చు. ఇన్ని తెలుస్తున్నప్పుడు దొరికిపోతే "అవును, నాదే తప్పు" అనిపిస్తుంది. ఎందుకు దొరికామో తెలియకపోతేనే వేలు లోడ్ మీదకి వెళ్తుంది.

సేవ్ గురించి నాకు నచ్చిన మధ్యే మార్గం ఇన్‌విజిబుల్ ఇంక్ (2015). టర్న్‌ల వారీగా ఆడేది. తప్పు చేస్తే ఒక టర్న్ వెనక్కి తిప్పొచ్చు, కానీ ఎన్నిసార్లు అన్నది మీరు పెట్టుకున్న డిఫికల్టీని బట్టి ఉంటుంది. పైగా ఊరికే కూర్చున్నా టర్న్ టర్న్‌కీ అలారం పెరుగుతూనే ఉంటుంది, అంటే గార్డు అటు తిరిగేదాకా పది నిమిషాలు మూలన నక్కి కూర్చునే మన రోగానికి మందు అందులోనే ఉంది. డిస్‌ఆనర్డ్ రెండో భాగంలో కూడా 2017 మొదట్లో ఒక అప్‌డేట్‌లో కస్టమ్ డిఫికల్టీ ఇచ్చారు. గార్డుల చూపు వేరు, దెబ్బ వేరు, ఎవరికి కావాల్సింది వాళ్లు విడివిడిగా మార్చుకోవచ్చు. మొదటి భాగంలో అది లేదు, మీ ఖర్మ.

*

నైట్‌ల్యాంప్:

"నిదానంగా ఆడే నార్మల్" అన్న మాట మా బామ్మర్దికి చూపించకుండా ఉండాల్సింది. వాట్సాప్ స్టేటస్ పెట్టాడు.

*

పార్టీకి పిలవని అతిథి:

నాచుబాణం అక్క చెప్పిన దానికి ఒకటి కలుపుతా. డిస్‌ఆనర్డ్‌లో అసలు తిరకాసు డిఫికల్టీలో లేదు, బహుమతుల్లో ఉంది. షాపు నిండా ఏముంటాయి? చుట్టూ ఉన్నవాళ్లని ముక్కలు చేసే స్ప్రింగ్ రేజర్లు, గ్రెనేడ్లు, పేలే తూటాలు, మీద ఎలుకల గుంపుని వదిలే మంత్రం. చంపకుండా ఆడేవాడికి మిగిలేది గొంతు బిగించడం, నిద్ర బాణం. ఎక్కువ చంపితే ఊళ్లో ఎలుకలు పెరుగుతాయి, రోగులు పెరుగుతారు, చిన్నపిల్ల ఎమిలీ గీసే బొమ్మలు కూడా భయంకరంగా మారతాయి, ఆఖరి మిషన్‌కి పడవలో తీసుకెళ్లే శామ్యూల్ అయితే నీ మీద అసహ్యంతో నువ్వొచ్చావని శత్రువులకి తెలిసేలా గాల్లోకి తుపాకీ పేలుస్తాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, బొమ్మలన్నీ వాళ్లే ఇచ్చి, ఆడుకుంటే వాళ్లే మొట్టికాయ వేస్తారు. తయారుచేసినవాళ్లకీ ఇది తట్టిందేమో, 2017లో వచ్చిన డెత్ ఆఫ్ ది అవుట్‌సైడర్‌లో ఈ కేయాస్ (ఎంత చంపితే ఊళ్లో అంత అల్లకల్లోలం) లెక్కే తీసేశారు.

అయితే చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మంచి ముగింపు కావాలంటే ఒక్కర్ని కూడా చంపకూడదని రూలేం లేదు. కొద్దిమంది చచ్చినా తక్కువ కేయాస్‌లోనే ఉంటారు. సున్నా కావాల్సింది అచీవ్‌మెంట్‌కి మాత్రమే. కాబట్టి మీ ఎలుకల గార్డు కోసం మిషన్ మొత్తం మళ్లీ ఆడక్కర్లేదు, పాపం ఆయన ఆత్మకి శాంతి.

"చంపకపోవడం" అంటే మంచితనం అని కూడా అనుకోకండి. ఆటలో టార్గెట్లైన పెండిల్టన్ కవలల్ని చంపకుండా పని ముగిస్తే వాళ్ల నాలుకలు కోసి, గుండు కొట్టించి, వాళ్ల గనుల్లోకే బానిసలుగా పంపుతారు. మీరు తర్వాత వెళ్లబోయేది లేడీ బాయిల్ పార్టీ కదా. అక్కడ చంపకుండా పని అవ్వాలంటే ఆవిణ్ని స్పృహ తప్పించి, ఆవిడంటే పిచ్చి పట్టిన ఒకాయన చేతికి అప్పగించాలి. ఆ తర్వాత ఆవిడ గతి ఏంటని ఎవరూ అడగరు, స్క్రీన్ మీద మాత్రం హత్యలు సున్నా. నేను మొదటిసారి ఆడినప్పుడు అది చేసేసి అచీవ్‌మెంట్ తీసుకుని పడుకున్నా. మర్నాడు ఆఫీసులో గుర్తొచ్చి కడుపులో తిప్పింది.

*

సూటు మార్చిన మనిషి:

మీరంతా చీకటి, గోడలు, పైకప్పులు అంటున్నారు. నా వోటు హిట్‌మ్యాన్‌కి. అక్కడ కంటపడటం తప్పే కాదు, గుర్తుపట్టబడటం తప్పు. పనివాడి బట్టలు వేసుకుని బకెట్ పట్టుకుని దర్జాగా నడిచి వెళ్లిపోవడమే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అని ఊరికే అన్నారా.

2018లో వచ్చిన రెండో భాగంలో ముంబై ఉంది, ఆడకపోతే అదొక్కటైనా ఆడండి. మురికివాడ సందులు, చాకళ్లు బట్టలుతికే చోటు, సినిమా సెట్టు, ఆ రద్దీలో ముగ్గురు టార్గెట్లు. అందులో మెయిల్‌స్ట్రోమ్ అనేవాడు ఎలా ఉంటాడో మొదట మనకే తెలీదు, వాడెవడో కనిపెట్టడమే సగం పని. ఊళ్లో ఇంకో కిరాయి హంతకుడు కూడా తిరుగుతుంటాడు, కాశ్మీరియన్ అని. వాడు తుపాకీ గురిపెట్టి కూర్చున్న చోటికి టార్గెట్లని తోలుకొస్తే మన పని వాడే చేసిపెడతాడు. నేను ఆ రోజు ట్రిగ్గర్ కూడా ముట్టుకోలేదు, చాప కింద నీరులా వెళ్లి వచ్చా.

డిఫికల్టీ సంగతికొస్తే మాస్టర్‌లో మిషన్‌కి ఒక్కటే సేవ్, కెమెరాలు ఎక్కువ, మన వేషం పసిగట్టేవాళ్లు ఎక్కువ, నెత్తురు చిందేలా చంపితే ఆ బట్టలు పనికిరావు. ఈ చివరిది నాకు భలే నచ్చింది, కష్టం అంటే ఇలా ఉండాలి. ఆ పైన 2023 జనవరిలో ఫ్రీలాన్సర్ అని ఒక మోడ్ ఇచ్చారు, అందులో సేవ్ లేనే లేదు, చస్తే వెంట తీసుకెళ్లిన సామానంతా గోవిందా. మొదటి వారం ఎఫ్5 లేక నిప్పు తొక్కిన కోతిలా గెంతా. తర్వాత అర్థమైంది, నేను ఇన్నేళ్లూ ఈ ఆటలో తప్పించుకోవడం అనే సగాన్ని చూడనే లేదని. గార్డు వెంటపడితే ఏ తలుపు వెనక ఆగాలి, ఏ బట్టలు మార్చాలి, ఎంతసేపటికి వాళ్లు వెతకడం మానేస్తారు, ఇవేవీ తెలీదు, ఎందుకంటే ఆ క్షణం రాగానే లోడ్ కొట్టేవాణ్ని.

*

కోడి టోపీ:

మెటల్ గేర్ సాలిడ్ 5 ఎవరూ ఎత్తకపోతే నేనే ఎత్తుతా. 2015. గార్డు చూసిన క్షణాన టైమ్ నెమ్మదిస్తుంది, వాడు అరిచేలోపు మత్తు సూది వేసేయొచ్చు. వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు, నేను ఆపే ఆడా. ఎప్పుడూ తలకే గురిపెడితే తర్వాత వాళ్లు హెల్మెట్లు పెట్టుకొస్తారు, రాత్రిపూటే వెళ్తుంటే నైట్ విజన్ తగిలించుకొస్తారు. అంటే నీ అలవాటే నీ డిఫికల్టీ. ఇక చంపకుండా ఎందుకు ఆడాలి అంటే, పడుకోబెట్టిన సైనికుణ్ని బెలూన్ కట్టి ఎగరేస్తే మన బేస్‌లో పనికి వస్తాడు కాబట్టి. నీతి చెప్పలేదు, జీతగాణ్ని ఇచ్చారు. మరీ ఎక్కువసార్లు చచ్చావనుకో, కోడి టోపీ పెట్టుకోమంటుంది, అది పెట్టుకుంటే గార్డులు చూసీ చూడనట్టు వదిలేస్తారు. నా పేరు అలా వచ్చింది. రెండు మిషన్లు పెట్టుకున్నా, ఏం చేసుకుంటారో చేసుకోండి.

స్ప్లింటర్ సెల్ బ్లాక్‌లిస్ట్ (2013) కూడా మీ బావాబామ్మర్దులకి బాగుంటుంది. ఘోస్ట్, పాంథర్, అసాల్ట్ అని మూడు పద్ధతులకీ విడివిడిగా పాయింట్లు వేస్తుంది. చప్పుడు లేకుండా చంపుకుంటూ పోయే ఆ మధ్యరకం వాళ్లకి ఒక పేరు పెట్టి గౌరవించింది అదొక్కటే.

*

సాయంత్రం బస్సు:

కోడి టోపీ పెట్టుకుని ఆడినవాళ్లు కూడా ఉన్నారంటే నా ఈజీ మోడ్‌కి ఇక పరవాలేదు. సూటు అన్నా, తప్పించుకోవడం సగం ఆట అన్నారే, అది ఒప్పుకుంటా. కానీ నాకు తప్పించుకోవాలనిపించేది ఈజీలోనే. నార్మల్ పైన రెండు దెబ్బలకే చచ్చిపోతా, ఇక పరిగెత్తే అవకాశం ఎక్కడ? డిఫికల్టీ పెంచేకొద్దీ జనం లోడ్ మీద పడేది అందుకే అనుకుంటా.

*

నాచుబాణం:

ఇది మాత్రం నేను ఆలోచించని పాయింట్. దెబ్బ బలం పెంచితే ఘోస్ట్‌కి ఏం తేడా ఉండదు అన్నా, కానీ దొరికిపోయాక బతికే దారి మూసుకుపోతుంది, అక్కడ తేడా ఉంది. నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. నైట్‌ల్యాంప్ గారూ, నార్మల్‌కి మార్చి ఆ ఎఫ్9 జోలికి పోకుండా ఒక్క మిషన్ ఆడి చూడండి.

*

నైట్‌ల్యాంప్:

నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. నార్మల్‌కి మార్చా. లేడీ బాయిల్ పార్టీ. మొదట్లో ఒక్క సేవ్, కీబోర్డ్ మీద ఎఫ్9 పైన చిన్న స్టిక్కర్ అంటించా (పాపది, ఏనుగు బొమ్మ).

అందరూ ముసుగులేసుకున్న పార్టీ కాబట్టి నేను కూడా అతిథిలా లోపలికి నడిచి వెళ్లిపోయా. సూటు అన్న చెప్పినట్టే, గార్డు పక్క నుంచి వెళ్తున్నా పట్టించుకోడు. అతిథుల పుస్తకం కనపడితే సంతకం కూడా పెట్టా, దేశం మొత్తం ఖూనీకోరని వెతుకుతున్న నా హీరో పేరుతోనే. ఇంత కాలానికి ఈ గేమ్‌లో మొదటిసారి నవ్వా. తర్వాత ముగ్గురు బాయిల్ అక్కచెల్లెళ్లలో నా టార్గెట్ ఎవరో తెలుసుకుందామని పైకి వెళ్తే మెట్ల దగ్గర ఒకడు చూసేశాడు. వేలు ఏనుగు మీదకి వెళ్లింది, ఆగింది. బ్లింక్ (క్షణంలో ఇంకో చోటికి చేర్చే మంత్రం) కొట్టి బాల్కనీ మీదకి, అక్కడ నుంచి ఇంకో గదిలోకి, మంచం పక్కన కూర్చుని వాళ్ల బూట్ల చప్పుడు వింటూ ఉన్నా. రెండు నిమిషాలు ఉంటుందేమో. గుండె దడదడ. ఘోస్ట్ పోయింది, నాకేం అనిపించలేదు.

ఇప్పుడు ఆవిణ్ని స్పృహ తప్పించి భుజాన వేసుకుని కింద సెల్లార్‌కి వచ్చా. ఆ పిచ్చాయన పడవ దగ్గర నిలబడి ఎదురు చూస్తున్నాడు. పార్టీకి పిలవని అతిథి గారు రాసింది చదవకుండా ఉంటే ఈపాటికి అప్పగించేసి పడుకునేవాణ్ని. సరిగ్గా అప్పుడే పాప లేచి ఏడ్చింది. పాజ్ చేసి వెళ్లా, అలాగే నిద్రపోయా. ఇంకా పాజ్‌లోనే ఉంది.

*

పార్టీకి పిలవని అతిథి:

మీ ఆటలో ఆవిడ ముసుగు రంగు ఏంటి?

*

నైట్‌ల్యాంప్:

తెలుపు. మీకు?

*

పార్టీకి పిలవని అతిథి:

రెండుసార్లు ఆడా, రెండుసార్లూ ఎరుపే. రాత్రికి ఏం చేశారో చెప్పండి.